డ్యూటీలో దిగమింగిన బాధకు రూపమివ్వడం: వైద్య సిబ్బందితో కళాభ్యాసాలు నిర్వహించే విధానం

వార్డులో ఒక రోగి చనిపోయిన కొద్దిసేపటికే పక్క మంచం దగ్గరికి వెళ్లి, ఏమీ జరగనట్టు నవ్వుతూ బీపీ చూడవలసి రావడం వైద్య వృత్తిలో ఎవరూ ప్రత్యేకంగా చెప్పుకోని మామూలు సంగతి. ఏడుపు దిగమింగి, ముఖం కడుక్కొని, తరువాతి కేస్ షీటు చేతిలోకి తీసుకున్న మనిషిలో ఆ రోజు మిగిలిపోయినది నిద్ర పట్టకపోవడంగానో, ఇంట్లోవాళ్ల మీద విసుగుగానో, రోగిని పేరుతో కాక మంచం నంబరుతో పిలిచే అలవాటుగానో తరువాత పైకి తేలుతుంది. అలా పేరుకుపోయినదాన్ని రాత, బొమ్మ, మట్టి, లయ వంటి సాధనాలతో బయటికి తెచ్చి, కాస్త దూరం నుంచి చూసుకునే వీలు కల్పించడం ఎలాగో ఇక్కడ వివరిస్తున్నాను. వార్డు ఇన్‌చార్జి సిస్టర్లు, విభాగాధిపతులు, నర్సింగ్ అధ్యాపకులు, తోటివారి కోసం ఏదైనా చేయాలనుకునే డాక్టర్లు దీన్ని ఉపయోగించుకోవచ్చు. బొమ్మలు వేయడం వచ్చి ఉండాలన్న నియమం నిర్వహించేవారికీ లేదు, పాల్గొనేవారికీ లేదు.

నా అభిప్రాయంలో ఇటువంటి కార్యక్రమం నిలబడేదీ కూలిపోయేదీ ఎంచుకున్న కళారూపాన్ని బట్టి కన్నా ఒక్క షరతును బట్టే: చేసిన వస్తువు చేసినవారి సొత్తు. దాన్ని చూపించాలా, చదివి వినిపించాలా, చింపి పారేయాలా, ఇంటికి తీసుకుపోవాలా అన్నది పూర్తిగా వారి ఇష్టం. కింద చెప్పబోయే ఏర్పాట్లలో చాలావరకు ఈ షరతును కాపాడడానికి చేసుకున్నవే.

ఏ రకం బాధో ముందు తెలుసుకోవాలి

అందరి బాధనూ ఒత్తిడి అనే పేరుతో ఒకే గాటన కట్టేస్తే అభ్యాసం గురి తప్పుతుంది. క్రిస్టినా మాస్లాక్, సూసన్ జాక్సన్ 1981లో ప్రచురించిన బర్న్‌అవుట్ (పని ఒత్తిడితో మనిషి లోలోపల వట్టిపోవడం) కొలమానంలో మూడు పార్శ్వాలున్నాయి: భావోద్వేగాలు అడుగంటిపోయేంత అలసట, ఎదుటివారిని మనుషులుగా కాక పనులుగా చూడడం, తాను చేస్తున్నదానికి విలువ లేదనిపించడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్న్‌అవుట్‌ను నిర్వచిస్తూ, ఇది రోగం కాదనీ, పని ప్రదేశంలో ఎడతెగని ఒత్తిడిని సరిగా సంభాళించకపోవడం వల్ల ఏర్పడే వృత్తి సంబంధమైన స్థితి అనీ స్పష్టం చేసింది. ఈ మాట నిర్వాహకులు గుర్తుంచుకోవాలి, ఎందుకంటే తప్పు పని ప్రదేశంలో ఉండగా చికిత్స మాత్రం మనిషికి చేస్తున్నామన్న భావన కలిగితే మీ రంగుల పెట్టెను చూడగానే సిబ్బందికి ఒళ్లు మండుతుంది, అలా మండడం న్యాయమే కూడా.

బర్న్‌అవుట్ పక్కనే మరో మూడు భావాలు ఉంటాయి. మొదటిది దుఃఖం: నెలల తరబడి చూసుకున్న రోగి పోయినప్పుడు కలిగేది. రెండోది అపరాధ భావన: మందు మోతాదులో పొరపాటు జరిగినప్పుడు రోగి మొదటి బాధితుడైతే, ఆ పొరపాటు చేసిన వైద్యుడు రెండో బాధితుడవుతాడని ఆల్బర్ట్ వూ 2000లో రాశారు. మూడోది నైతిక వ్యథ: చేయవలసింది ఏమిటో తెలిసి ఉండి కూడా సంస్థ కట్టుబాట్ల వల్ల, వనరుల లేమి వల్ల దాన్ని చేయలేకపోయినప్పుడు కలిగే బాధకు ఆండ్రూ జేమ్‌టన్ 1984లో నర్సింగ్ నీతిశాస్త్రంలో ఈ పేరు పెట్టారు. వెంటిలేటరు ఒకటే ఉండి ఇద్దరికి అవసరమైన రాత్రి పని చేసినవారికి ఇది విడమరిచి చెప్పనక్కరలేదు.

దుఃఖానికి ఒకరిని ఉద్దేశించి రాయడం, ఒక వస్తువును గుర్తుచేసుకొని గీయడం బాగా కుదురుతాయి. అపరాధ భావనకు నేను, నేను అని రాయించడం కంటే కథను ఆమె, అతను అని మూడో మనిషి గురించి చెబుతున్నట్టు రాయించడం, లేదా నాలుగు గడుల బొమ్మల కథగా గీయించడం మేలు. అప్పుడు తనను తాను దోషిగా నిలబెట్టుకున్న మనిషి, అదే గదిలో ఆ రాత్రి మరెవరెవరు ఉన్నారో, ఎన్ని ఫోన్లు మోగుతున్నాయో కూడా గీయవలసి వస్తుంది. కోపానికి చేతికి పని చెప్పే మట్టి, చింపి అతికించే కాగితం, దరువు పనికివస్తాయి. నైతిక వ్యథను మాత్రం ఒంటరి అభ్యాసానికి వదిలేయకూడదు. దాన్ని నలుగురి మధ్య పెట్టి, ఇది నా ఒక్కరి బలహీనత కాదని అందరికీ కనిపించేలా చేయాలి, ఆ తరువాత అధికారుల దృష్టికి తీసుకుపోవాలి.

ఇది ఎందుకు పనిచేస్తుంది, ఎంతవరకు

రాత విషయంలో ఆధారం పాతది. జేమ్స్ పెన్నెబేకర్ 1986లో ప్రచురించిన ప్రయోగంలో కాలేజీ విద్యార్థులు వరుసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాల చొప్పున, తమను కలచివేసిన అనుభవాన్ని రాశారు. జరిగినదాన్నీ, దాని గురించి తమకు కలిగిన భావాన్నీ కలిపి రాసినవారు ఆ తరువాతి నెలల్లో ఆరోగ్య కేంద్రానికి తక్కువ సార్లు వెళ్లారు. సంఘటనను మాత్రమే, అంటే కేస్ షీటులో రాసినట్టు రాసినవారికి ఆ ప్రయోజనం అంతగా దక్కలేదు. వైద్య సిబ్బందికి ఇందులో ఒక హెచ్చరిక ఉంది: భావాన్ని పక్కన పెట్టి వాస్తవాన్ని మాత్రమే రాయడంలో వారు ఏళ్ల తరబడి శిక్షణ పొందినవారు కాబట్టి, ఏమీ చెప్పకుండా వదిలేస్తే మొదటి రోజు అందరూ చక్కని డిశ్చార్జి సమ్మరీ రాసి చేతిలో పెడతారు. అదే ప్రయోగంలో రాసిన వెంటనే మనసు మరింత బరువెక్కినట్టు కూడా తేలింది. కాబట్టి అభ్యాసం ముగిసిన ఐదు నిమిషాలకే డ్యూటీలోకి పంపించకూడదు.

బొమ్మల విషయంలో గిరిజా కైమల్ బృందం 2016లో ప్రచురించిన చిన్న అధ్యయనం చెప్పుకోదగినది. 39 మంది పెద్దవాళ్లు 45 నిమిషాల పాటు మట్టి, మార్కర్లు, కాగితం ముక్కలతో తమకు తోచింది చేసుకోగా, ముప్పాతిక మందిలో లాలాజలంలోని కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను మోతాదు తగ్గింది; గతంలో కళతో పరిచయం ఉన్నవారికీ లేనివారికీ తేడా పెద్దగా కనిపించలేదు. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో ప్రత్యేకంగా వైద్య సిబ్బంది కోసమే రాత, దృశ్యకళ, సంగీతం, నృత్యం అనే నాలుగు మార్గాల్లో 12 వారాల కార్యక్రమం నడిపి, పాల్గొనని వారితో పోల్చి చూసినప్పుడు ఆందోళన, కుంగుబాటు, బర్న్‌అవుట్ లక్షణాలు తగ్గినట్టు కనుగొన్నారు. అక్కడ ఆ పనిని నడిపినవారు శిక్షణ పొందిన కళా చికిత్సకులు. ఆ తేడాను చిన్నది చేసి చూపించకూడదు. ఆర్ట్ థెరపీ అన్న మాటను 1942లో, క్షయ నుంచి కోలుకుంటున్న చిత్రకారుడు ఏడ్రియన్ హిల్ వాడుకలోకి తెచ్చాడు. తరువాత అది ప్రత్యేక శిక్షణ అవసరమైన వృత్తిగా ఎదిగింది. వార్డులో మనం పెట్టుకునేది చికిత్స కాదు, తోటివారితో కలిసి చేసుకునే అభ్యాసం. ఆహ్వాన పత్రంలోనే ఆ మాట రాయండి.

సమయం, గది, మనుషులు

డ్యూటీ గంటల్లోనే పెట్టండి. సెలవు రోజున రమ్మంటే అది మరో పనిభారం. నైట్ డ్యూటీ దిగినవారిని గంటసేపు కూర్చోబెట్టడం అంతకన్నా పాపం. షిఫ్టులు కలిసే సమయంలో, హ్యాండోవర్ అయ్యాక, వార్డును చూసుకోవడానికి వేరే మనిషిని ముందుగా కేటాయించి, 45 నుంచి 60 నిమిషాలు తీసుకోవచ్చు. ఆ కేటాయింపు రాతపూర్వకంగా లేకపోతే కార్యక్రమాన్ని వాయిదా వేసుకోవడమే మంచిది, ఎందుకంటే చెవి సగం బెల్ వైపు, సగం కాగితం వైపు ఉన్న మనిషికి రెండు విధాలా నష్టమే.

ఆరు నుంచి పది మంది చాలు. గది తలుపు మూసుకునేలా ఉండాలి, సీసీ కెమెరా ఉండకూడదు. నిర్వాహకులు ఇద్దరుంటే ఒకరు అభ్యాసాన్ని నడుపుతూ ఉండగా, ఎవరైనా లేచి బయటికి వెళితే రెండోవారు వెనకే వెళ్లి కాసేపు తోడుగా నిలబడగలరు. హోదాల సంగతి చాలా ముఖ్యం. యూనిట్ చీఫ్ ఎదురుగా కూర్చున్నప్పుడు జూనియర్ రెసిడెంటు గాని, కొత్తగా చేరిన నర్సు గాని తన భయాన్ని కాగితం మీద పెట్టరు. మొదటి కొన్ని వారాలు ఒకే స్థాయివారిని ఒక బృందంగా చేసి, నమ్మకం కుదిరాక, అందరూ ఒప్పుకుంటేనే కలపండి. ఆయాలను, వార్డు బాయ్‌లను, శవాగారంలో పనిచేసేవారిని, అంబులెన్స్ డ్రైవర్లను చాలాచోట్ల మరిచిపోతారు. మృతదేహాన్ని చివరిసారి శుభ్రం చేసేదీ, గుడ్డ కప్పేదీ వారే. వారిలో కొందరికి రాయడం ఇష్టం లేకపోవచ్చు, అలవాటు ఉండకపోవచ్చు. కాబట్టి ప్రతి అభ్యాసంలోనూ రాయకుండా చేసే దారి ఒకటి ముందే సిద్ధంగా ఉంచండి.

సామగ్రి తక్కువగా, సాదాగా ఉండడం మేలు. గీతలు లేని తెల్ల కాగితాలు, మైనపు రంగులు, నల్ల మార్కర్లు, పాత పత్రికలు, జిగురు, ఆరినా పగలని మెత్తటి బంకమట్టి సరిపోతాయి. కాన్వాసు, కుంచెలు, ఖరీదైన రంగులు తెచ్చి పెడితే పరీక్ష హాలులోకి వచ్చినట్టు భుజాలు బిగుసుకుపోతాయి. కత్తెరలు కూడా తీసేసి కాగితాన్ని చేత్తో చింపమనడం నాకు నచ్చిన పద్ధతి: అంచులు ఎలాగూ సరిగా రావు గనుక ఎవరి పని అందంగా ఉందో పోల్చుకునే పట్టింపు మొదట్లోనే పోతుంది.

మొదటి రోజు: చేతి బొమ్మ

మొదటి సమావేశానికి అభ్యాసం ఏదైనా పది మాటల్లో చెప్పగలిగేది కావాలి. చేతి బొమ్మ అలాంటిది. వైద్య సిబ్బంది చేతులు రోజంతా పనిలో ఉంటాయి. వాటిని తీరిగ్గా చూసుకునే అవకాశం మాత్రం వారికి రాదు.

అందరూ కూర్చున్నాక మూడు మాటలు నెమ్మదిగా చెప్పండి: ఇక్కడ చేసింది మీదే, చూపించడం మీ ఇష్టం, ఎవరి బొమ్మకూ ఎవరూ అర్థం చెప్పరు. గది దాటి ఎవరి మాటా బయటికి పోకూడదని అందరి చేతా ఒప్పించండి. తనకు గాని మరొకరికి గాని ప్రాణాపాయం ఉందన్న సూచన వస్తే మాత్రం మీరు మౌనంగా ఉండలేరన్న సంగతినీ ఇప్పుడే చెప్పాలి. తరువాత చెబితే నమ్మకద్రోహంగా తోస్తుంది. ఆ తరువాత రెండు నిమిషాల పాటు ఎడమ చేతిని బల్ల మీద పెట్టి, కుడి చేతి వేలితో దాని అంచు వెంట మెల్లగా గీస్తూ పోమనండి. ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి. మొదటి రోజు నవ్వు బెరుకుకు మంచి మందు.

ఇప్పుడు చేతిని కాగితం మీద పెట్టి అంచు గీసుకోమనండి. చేతి గీత లోపల, ఈ వారం ఆ చేతులు చేసిన పనులను మాటలతోనో, గుర్తులతోనో, రంగులతోనో నింపాలి. గీత బయట, ఆ చేతులు చేయాలనుకొని చేయలేకపోయినవి పెట్టాలి. పావుగంట ఇవ్వండి, మీరూ వేయండి. గదిలో తిరుగుతూ తొంగి చూడకండి, ఎవరి బొమ్మనూ పొగడకండి. మంచి బొమ్మ అని ఒకరితో అన్నారంటే మిగిలినవారు తమది మంచిది కాదని ఆ క్షణమే నిర్ణయించుకుంటారు. లోపలి భాగం ఖాళీగా వదిలి బయట మాత్రమే నింపినవారు ఉంటారు. వారిని లోపల కూడా నింపమని తొందరపెట్టకండి. చివరి మూడు నిమిషాల్లో, ఆ చేతికి ఇప్పుడు ఏం కావాలో ఒక్క మాట వెనక పేజీలో రాసుకోమనండి.

పంచుకునే సమయంలో బొమ్మను చూపించకుండా ఒక్క వాక్యం మాత్రమే చెప్పే వీలుండాలి, ఏమీ చెప్పకుండా పక్కవారికి వంతు అప్పగించే వీలు కూడా ఉండాలి. విన్నవారు సలహా ఇవ్వకూడదు, ఓదార్చకూడదు, నాకైతే ఇంకా ఘోరం జరిగిందని మొదలుపెట్టకూడదు. విన్నాను అన్న ఒక్క మాట సరిపోతుంది. డాక్టర్లకు ఇది చాలా కష్టం. సమస్య వినగానే పరిష్కారం నోటి దాకా వచ్చేస్తుంది. ఊపిరితిత్తుల క్యాన్సరుతో మరణించిన కెన్నెత్ ష్వార్ట్జ్ పేరిట 1995లో బోస్టన్‌లో ఏర్పడిన కేంద్రం రూపొందించిన ష్వార్ట్జ్ రౌండ్స్ అనే సమావేశాల్లో కూడా ఇదే నియమం పాటిస్తారు. అక్కడ కేసును విశ్లేషించరు, ఆ కేసు తమను ఏం చేసిందో మాత్రమే చెప్పుకుంటారు.

చివరి పది నిమిషాలు వదులుకోకండి. కాళ్లు నేలకు ఆనించి కూర్చోవడం, గదిలో కనిపించే ఐదు వస్తువుల పేర్లు చెప్పడం, నీళ్లు తాగడం, డ్యూటీలోకి వెళ్లగానే చేయబోయే మొదటి పని ఏమిటో ఒక్కొక్కరు చెప్పడం వంటివి మనసును తిరిగి వర్తమానానికి తెస్తాయి. కాగితాన్ని తీసుకుపోవడానికి ఒక కవరు, వదిలేయడానికి చింపిన కాగితాల బుట్ట, రెండూ తలుపు దగ్గర ఉంచండి.

కేస్ షీటులో చోటు లేని పేజీ

కొలంబియా విశ్వవిద్యాలయంలో రీటా షారన్ 1993లో తన వైద్య విద్యార్థులకు ఒక పని అప్పగించారు. ఆసుపత్రి రికార్డులో రాయడానికి వీల్లేనిది, కానీ ఎక్కడో ఒకచోట రాయక తప్పనిది, మామూలు భాషలో ఒక పేజీ రాయాలి. దీనికి సమాంతర చార్టు అని పేరు. రాత వైపు మొగ్గేవారికి ఇంతకన్నా మంచి ఆరంభం నాకు తెలియదు.

రెండింటికీ తేడా చూపించడానికి ఒక నమూనా చదివి వినిపించండి. నమూనా కల్పితమే అయి ఉండాలి. కేస్ షీటులో ఇలా ఉంటుంది: 4.10కి గుండె ఆగినది, 30 నిమిషాలు సీపీఆర్ చేయడమైనది, స్పందన లేదు, 4.40కి మరణం ధ్రువీకరించడమైనది, బంధువులకు తెలియజేయడమైనది. పక్క పేజీ ఇలా ఉండవచ్చు: "ఆయన కళ్లజోడు మందుల ట్రే మీద ఉండిపోయింది. ఛాతీ నొక్కుతున్నంతసేపూ అది కింద పడి పగులుతుందేమోనని భయపడ్డాను. ఆ క్షణంలో దాని గురించి ఆలోచించినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. వాళ్లమ్మాయి చేతికి ఇచ్చే ముందు అద్దాలు తుడిచాను. ఆమె నన్ను ఏమీ అడగలేదు."

రెండో దానిలో భావాల పేర్లు రెండే ఉన్నాయి, వస్తువు ఒక్కటే ఉంది. అందుకే మీరు ఇచ్చే సూచన కూడా వస్తువు నుంచే మొదలుకావాలి. మీకు ఎలా అనిపించింది అని అడిగితే చాలా బాధగా అనిపించింది అన్న జవాబు దగ్గరే రాత ఆగిపోతుంది. ఆ మంచం చుట్టూ కనిపించిన ఒక వస్తువుతో మొదలుపెట్టండి, వినబడిన ఒక శబ్దం రాయండి, మీరు అనబోయి ఆగిపోయిన మాట రాయండి అంటే కలం కదులుతుంది. 12 నిమిషాలు ఆపకుండా రాయమనండి. అక్షర దోషాలు, వ్యాకరణం అక్కరలేదు. ఏ భాషలో ఏడుపు వస్తుందో ఆ భాషలోనే రాసుకోమనండి. చదువంతా ఇంగ్లీషులో సాగిన డాక్టర్లకు ఈ అనుమతి మరీ అవసరం.

ఏం రాయాలో తోచక కూర్చున్నవారికి 55 మాటల కథ ఉపకరిస్తుంది. వైద్య విద్యలో ఇది వాడుకలో ఉన్న ప్రక్రియే. మొదట తోచినంత రాసి, తరువాత సరిగ్గా 55 మాటలకు కుదించాలి. ఏ మాట ఉంచాలి, ఏది తీసేయాలి అని తూకం వేసుకునే పనిలో పడ్డాక, తనను ముంచేస్తున్న సంఘటన తన చేతి కింద ఉన్న సామగ్రిగా మారుతుంది.

రోగి గోప్యత ఇక్కడ కూడా వర్తిస్తుంది. పేరు, మంచం నంబరు, తేదీ రాయకూడదు. వయసు, స్త్రీ పురుష భేదం, జబ్బు వీలైనంత మార్చాలి. ఫోనులో ఫొటో తీయడం, వాట్సాప్ గ్రూపులో పెట్టడం కుదరవని ముందే చెప్పండి. విచారణ గాని కోర్టు వ్యవహారం గాని నడుస్తున్న కేసు గురించి రాయాలనుకునేవారు ముందుగా న్యాయ సలహా తీసుకోవాలి. అలాంటివారికి ఆ రోజు రాత బదులు మట్టి ఇవ్వడం తెలివైన పని.

మాట రానివారికి

కొందరిలో బాధ మొద్దుబారిపోయి ఉంటుంది. అడిగితే ఏమీ లేదండీ, అలవాటైపోయింది అంటారు. ఆ మాటను అబద్ధంగా చూడకూడదు, దాన్ని విప్పాలని పట్టుబట్టకూడదు. అటువంటివారికి శరీరం ద్వారా వెళ్లే దారి సులువు. వృత్తంగా కూర్చొని, బల్ల మీద అరచేతులతో ఒకరు ఒక దరువు వేస్తే మిగిలినవారు అందుకోవాలి. తరువాత ప్రతివారూ ఈ రోజు తమ డ్యూటీ ఎలా సాగిందో దరువుతోనే చెప్పాలి. ఎమర్జెన్సీ విభాగంవారి దరువుకూ డయాలిసిస్ విభాగంవారి దరువుకూ తేడా చెప్పకుండానే తెలిసిపోతుంది. మానిటర్ల బీప్ శబ్దాలను అనుకరించే అభ్యాసం మాత్రం పెట్టకండి. ఆ శబ్దం నిద్రలో కూడా వెంటాడేవారు ఆ గదిలో ఉండే అవకాశం ఎక్కువ.

బొమ్మ వేయడానికీ ఇష్టపడనివారితో బొమ్మను చూడడం చేయవచ్చు. ఫిలిప్ యెనవైన్, అబిగైల్ హౌసెన్ రూపొందించిన పద్ధతిలో ఒక చిత్రాన్ని గోడ మీద పెట్టి మూడే ప్రశ్నలు అడుగుతారు: ఈ చిత్రంలో ఏం జరుగుతోంది, అలా అనిపించడానికి మీకు ఏం కనిపించింది, ఇంకా ఏం కనిపిస్తోంది. ఆసుపత్రి చిత్రాలు వద్దు. మనుషులు ఉండి, కథ తేలిగ్గా తేలనివి ఎంచుకోండి. ఒకే చిత్రంలో ఒకరికి వీడ్కోలు, మరొకరికి తగవు కనిపిస్తాయి, ఎవరూ తప్పు చెప్పినట్టు కాదు. రోజంతా ఒకే సరైన జవాబు కోసం వెతికేవారికి ఇది పెద్ద ఊరట.

చేయకూడనివి, ఆగవలసిన చోట్లు

ఘోరమైన సంఘటన జరిగిన రోజే అందరినీ కూర్చోబెట్టి మనసు విప్పించాలనుకోవడం సహజంగా వచ్చే తప్పు ఆలోచన. సంఘటన జరిగిన వెంటనే ఒక్కసారి కూర్చోబెట్టి మాట్లాడించే పద్ధతి మీద 2002 నాటి కోక్రేన్ సమీక్ష (అప్పటిదాకా జరిగిన అధ్యయనాలను కలిపి తూచి చూసేది), అది తరువాతి మానసిక గాయాన్ని నివారించడం లేదనీ, ఒక అధ్యయనంలో హాని కూడా కనిపించిందనీ తేల్చి, నిర్బంధంగా చేయించడం మానాలని చెప్పింది. ఆ రోజు చేయదగినది చిన్నది. వర్జీనియా విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో జొనాథన్ బార్టెల్స్ అనే నర్సు మొదలుపెట్టిన విరామం అనే అలవాటులో, మరణం ధ్రువీకరించాక మంచం చుట్టూ ఉన్నవారంతా నిమిషం సేపు మౌనంగా నిలబడి, పోయిన మనిషినీ, కాపాడడానికి శ్రమించినవారినీ తలచుకుంటారు. ఆ రోజుకు అది చాలు. కాగితం, రంగులు కొన్ని రోజులు పోయాక, రాదలచుకున్నవారికే.

హాజరు తప్పనిసరి చేయకండి. రానివారి పేర్లు రాసుకోకండి. బొమ్మల పోటీ, బహుమతులు, కారిడార్‌లో ప్రదర్శన వంటి ఆలోచనలు యాజమాన్యం నుంచి తప్పకుండా వస్తాయి, ముఖ్యంగా ఏదో ఒక దినోత్సవం దగ్గరపడినప్పుడు. వాటిని మర్యాదగా తిరస్కరించండి. ప్రదర్శన ఉంటుందని తెలిసిన రోజు నుంచీ అందరూ సూర్యోదయాలు, చేతిలో చెయ్యి వేసిన బొమ్మలు వేయడం మొదలుపెడతారు.

రాస్తున్నప్పుడు ఎవరైనా వణకడం, పిలిచినా పలకనట్టు శూన్యంలోకి చూస్తుండడం, ఊపిరి వేగంగా తీయడం గమనిస్తే అభ్యాసం ఆపించి, రెండో నిర్వాహకులు వారిని పక్కకు తీసుకువెళ్లాలి. కన్నీళ్లు వస్తే మాత్రం ఆపనక్కరలేదు. వారాల తరబడి నిద్ర లేకపోవడం, అదే దృశ్యం పదే పదే కళ్ల ముందుకు రావడం, మందు బిళ్లల మీదో మద్యం మీదో ఆధారపడడం, బతకాలని లేదన్న మాట వినబడడం ఇవన్నీ మీ పరిధి దాటిన సంగతులు. ఆత్మహత్య ప్రస్తావన వచ్చినప్పుడు నేరుగా, ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వస్తోందా అని అడగండి. అడిగినందువల్ల ఆ ఆలోచన పుట్టదు. ఆ మనిషిని ఒంటరిగా వదలకుండా అదే రోజు మానసిక వైద్యుల దగ్గరికి తీసుకువెళ్లండి. సొంత ఆసుపత్రిలో చూపించుకోవడానికి వైద్య సిబ్బంది వెనకాడతారు గనుక బయటి సైకియాట్రిస్టు ఒకరితో ముందే మాట్లాడి ఉంచుకోవడం మొదటి సమావేశానికి ముందు పూర్తి చేయవలసిన పని.

ఆరు వారాలు, వారానికొక సమావేశం అనుకొని మొదలుపెట్టి, చివరి రోజు కొనసాగించాలో లేదో బృందాన్నే అడగండి. మనుషులు తగ్గిపోతే ఆపేయడంలో తప్పు లేదు. మొక్కుబడిగా సాగే సమావేశం కన్నా అదే నయం. యాజమాన్యం నివేదిక అడిగితే ఎన్ని సమావేశాలు జరిగాయి, సగటున ఎంతమంది వచ్చారు అన్న రెండు అంకెలు ఇవ్వండి. ఎవరు వచ్చారో, ఏం గీశారో, ఏం చెప్పారో అందులో ఉండకూడదు. అయితే మీ సమావేశాల్లో ఒకే ఫిర్యాదు మళ్లీ మళ్లీ తేలుతుంటే, ఉదాహరణకు రాత్రి షిఫ్టులో మంచాలకు తగినంత మంది నర్సులు లేరనో, మరణవార్త చెప్పడానికి వేరే గది లేక కారిడార్‌లోనే చెప్పవలసి వస్తోందనో అందరి కాగితాల మీదా కనబడుతుంటే, బృందం సమ్మతితో, పేర్లు లేకుండా, ఆ ఒక్క సంగతిని ప్రత్యేక లేఖగా రాసి సూపరింటెండెంట్‌కు ఇవ్వండి. ఆ లేఖకు వచ్చిన జవాబును, జవాబు రాకపోతే ఆ విషయాన్నీ, తరువాతి సమావేశం మొదట్లోనే బృందానికి చదివి వినిపించండి.